వెన్నులో ఇచ్చిన మత్తు సూది వల్లేనా ఈ నడుం నొప్పి?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది గాజువాక, నాకు 38 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. రెండోవాడు పుట్టినప్పట్నుంచి, అంటే ఆరేళ్ళుగా నడుం నొప్పి. పొద్దున్న మంచం దిగాలంటే పక్కకి తిరిగి బీరువా హ్యాండిల్ పట్టుకుంటే గానీ లేవలేను. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, గంట మెషిన్ మీద కూర్చుంటే నడుం పీకేస్తది. అందరూ మత్తు కోసం వెన్నులో ఇచ్చిన సూది వల్లే అంటున్నారు. ఎమ్మారైలో డిస్క్ బల్జ్ అని వచ్చింది, అప్పట్నుంచి బిందె ఎత్తాలన్నా భయమే, బెల్ట్ లేకుండా గడప దాటట్లేదు. పక్కింటావిడ గర్భసంచి తీయించేసుకో పోతుంది అంటోంది. మా అత్తగారేమో మేం నలుగుర్ని కని పొలం పన్లు చేసాం, మాకెప్పుడూ లేవు ఈ నొప్పులు అంటారు. మావారు నమ్ముతున్నారో లేదో కూడా తెలీదు. పెళ్ళికి ముందు నుంచీ ఏటా సింహాచలం గిరిప్రదక్షిణ చేసేదాన్ని, ఆరేళ్ళయింది మానేసి. మళ్ళీ నడవగలనా?

ఫిజియోథెరపిస్ట్ జవాబు: చెల్లీ, ముందు ఒకటి చెప్తాను, మీ నొప్పి నిజం. అత్తగారికి రాలేదన్నంత మాత్రాన అబద్ధం అయిపోదు.

ఇక సూది సంగతి. నా దగ్గరికొచ్చే తల్లుల్లో ఈ మాట అనని వాళ్ళు అరుదు. ఆ సూది చాలా సన్నటిది, వెన్నుపాము అయిపోయిన చోటుకి కింద గుచ్చుతారు, మందు కొన్ని గంటల్లో దిగిపోతుంది. గుచ్చిన చోట కొన్నాళ్ళు సలపొచ్చు, కానీ ఏళ్ళ తరబడి నొప్పికి అదే కారణం అని పరిశోధనల్లో తేలలేదు. మరి కాన్పయ్యాకే ఎందుకొచ్చింది అంటారు, అడగాల్సిన మాటే. తొమ్మిది నెలలు సాగిపోయిన పొట్ట కండరాలు, వాటి మీద కోత, ఆ తర్వాత నిద్ర లేకుండా వంగి కూర్చుని పాలివ్వడం, చంటాణ్ణి చంకనేసుకునే వంటా గిన్నెలూ, బాలింతని కొన్నాళ్ళు అస్సలు కదలనివ్వకుండా పడుకోబెట్టి ఆనక ఒక్కసారే ఇంటి చాకిరీ అంతా నెత్తిన పెట్టెయ్యడం, ఇవన్నీ కలిసి నడుం మీద పడతాయి. వీటన్నిట్లో బాగా భయపెట్టింది సూదే కాబట్టి అదే గుర్తుండిపోతుంది.

డిస్క్ బల్జ్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ కాస్త బయటికి ఉబ్బడం, ఆ మాట చూసి బెంబేలు పడకండి. నొప్పన్నదే లేని వాళ్ళకి స్కాన్ తీసినా 40 ఏళ్ళ వయసులో సగం మందికి బల్జ్ కనిపిస్తుంది, వయసుకి చత్వారం వచ్చినట్టే అదీను. మిమ్మల్ని ఎక్కువ కట్టిపడేసింది ఆ భయమే అనిపిస్తోంది నాకు. కదలకపోతే కండరం నీరసిస్తుంది, నీరసిస్తే చిన్న పనికే నొప్పొస్తుంది, నొప్పొస్తే ఇంకా కదలం. బెల్ట్ కూడా మెల్లగా తగ్గించండి, 3 నెలలు దాటిన నడుం నొప్పికి రోజూ బెల్టులు, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుం లాగడం) వద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, వ్యాయామం చెయ్యమంది.

గర్భసంచి మాటకొస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేసారని తేలింది, దేశం మొత్తం మీద 3 శాతమే. నడుం నొప్పికని మాత్రం దయచేసి తీయించుకోకండి, చిన్న వయసులో తీసేస్తే ముట్లుడిగే దశ తొందరగా వచ్చి ఎముకలు గుల్లబారే ప్రమాదం ఉంది. బ్లీడింగ్ లాంటి ఇబ్బందులుంటే అది గైనకాలజిస్ట్‌తో వేరేగా మాట్లాడాలి.

మెషిన్ దగ్గర స్టూల్ తీసేసి వీపు ఆనే కుర్చీ వేసుకోండి, అరగంటకోసారి లేచి గుమ్మం దాకా వెళ్ళి రండి. బిందె మానెయ్యక్కర్లేదు, సగం నీళ్ళతో మొదలెట్టండి. కాస్త నొప్పి పెరిగినంత మాత్రాన లోపల ఏదో తెగిపోయినట్టు కాదు. అయితే ఒంటేలు, దొడ్డికి పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గుతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. జ్వరం ఉన్నా, ఊరికే బరువు తగ్గిపోతున్నా డాక్టర్‌కి చూపించడం ఆలస్యం చెయ్యొద్దు.

అత్తగారి మీద కోపం పెట్టుకోకండి. మొన్నొక పెద్దావిడ మోకాళ్ళ కోసం వచ్చారు, నడుం మీద చెయ్యి వెయ్యగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని "ముప్పై ఏళ్ళ నుంచీ ఉందమ్మా, ఎవరికి చెప్పుకోను" అన్నారు. మీవారిని మాత్రం ఈసారి డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకెళ్ళండి, ఆయనా వింటారు.

గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు కదా, ఈ ఆషాఢానికి మొత్తం అనుకోవద్దు. రేపట్నుంచి రోజూ పది నిమిషాలు నడవండి, వారానికో రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ పోండి. పౌర్ణమి నాటికి ఒంట్లో ఓపిక చూసుకుని కొండ కింద తొలిమెట్టు, అదే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి ముడసర్లోవ దాకా నడిచి, అక్కణ్ణుంచి ఆటోలో ఇంటికొచ్చెయ్యండి. ఆ దారిలోనే ముందుకెళ్తే వచ్చే హనుమంతవాక సంగతి వచ్చే ఏడు చూద్దాం.