లైక్లీ లెటర్ రాకపోతే సీటు రానట్టేనా?

మీ అమ్మాయి క్లాస్‌మేట్‌కి ఐవీ లీగ్ (అమెరికాలో పేరున్న ఎనిమిది యూనివర్సిటీల గుంపు) కాలేజీ నుంచి లైక్లీ లెటర్, అంటే సీటు దాదాపు ఖాయమని ఫలితాలకి ముందే చెప్పే ఉత్తరం, వచ్చింది, తనకి రాలేదని టెన్షన్ పడుతున్నారు కదండీ. ఆ ఉత్తరాలు ఎక్కువగా కాలేజీ జట్లకి ఎంచుకున్న ఆటగాళ్లకి వెళ్తాయి. చదువులో బాగా మెరిసిన కొద్దిమందికి ఫిబ్రవరి, మార్చిలో పంపుతారు. సీటొచ్చిన వాళ్లలో చాలామందికి అసలు ఆ ఉత్తరమే రాదు. ఈ ఎనిమిది కాలేజీల రెగ్యులర్ ఫలితాలూ (మామూలు గడువులో దరఖాస్తు చేసిన వాళ్లవి) మార్చి చివర్లో ఒకేరోజు వస్తాయి.

దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చూసుకునే కాలేజీ పోర్టల్‌లో ఏదో మారిందనో, ఆర్థిక సాయం కాగితాలు అడిగారనో లెక్కలు కట్టకండి. సాయం కోరిన వాళ్లందరినీ అడుగుతారు. మావాడి టైములో నేనూ రోజుకి పదిసార్లు చూసేవాణ్ణి, చివరికి వాడే పాస్‌వర్డ్ మార్చేశాడు!

ఈలోగా స్కూలు నుంచి మిడ్ ఇయర్ రిపోర్ట్ (ఈ ఏడాది సగం వరకు వచ్చిన మార్కుల నివేదిక) కాలేజీలకి వెళ్లిందో లేదో కౌన్సెలర్‌ని అడగండి. అది మాత్రం మీరు చేయగలిగిన పని.