ఆ తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని. నేను గే. ఈమధ్య ‘మిల్క్’ సినిమా చూశాను. అందులో గే టీచర్లను తీసేయాలని ఓటింగ్ పెడతారు. ఆ వారమే నా ఫోన్‌లో నేనూ, నా ప్రియుడూ కలిసి ఉన్న ఫొటో ఒకటి తోటి టీచరు కంటపడింది. హెడ్మాస్టర్ గారు పిలిచి, తెల్లకాగితం నా ముందుకు తోసి, పెన్ను మూత తీసి మరీ ఇచ్చారు. ‘నువ్వే రాజీనామా రాసిస్తే గౌరవంగా ఉంటుంది, లేకపోతే డీఈవోకి రాస్తాను’ అన్నారు. ఆలోచించుకుంటానని వచ్చేశాను. నా ఉద్యోగం పోతుందా? (పేరు, ఊరు రాయవద్దని కోరారు)

జవాబు: సంతకం పెట్టకుండా వచ్చేశారు, చాలా మంచి పని చేశారు. ఇకముందు కూడా పెట్టకండి. రాజీనామాయే కాదు, ‘ఇకపై ఇలా జరగదు’ అని క్షమాపణ అడిగినా రాసివ్వకండి. ఇలాంటి కేసుల్లో ఉద్యోగాన్ని తినేసేది చట్టం కాదు, భయంతో రాసిచ్చిన ఆ నాలుగు లైన్లే.

మీరు చూసిన ఓటింగ్ నిజంగా జరిగిందే. కాలిఫోర్నియాలో 1978 నవంబరు 7న, ప్రతిపాదన 6 పేరుతో. గే టీచర్లనే కాదు, వాళ్లను బహిరంగంగా సమర్థించిన టీచర్లను కూడా తీసేయొచ్చని అందులో ఉంది. ఆ సినిమా ఎవరి కథో ఆ గే నాయకుడు హార్వీ మిల్క్ ఊరూరా తిరిగి దాన్ని ఎదిరించారు. అప్పటికి మాజీ గవర్నరైన రీగన్ సైతం వద్దన్నారు. 58 శాతం మంది వ్యతిరేకంగా ఓటేశారు. తర్వాత 20 రోజులకే మిల్క్‌ని కాల్చి చంపారు.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో సుప్రీంకోర్టు, ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని తేల్చింది. ఆ సంబంధాన్ని నేరమన్నది పాత ఐపీసీలోని 377వ సెక్షన్. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అలాంటి సెక్షనే లేదు. లైంగికత మనిషి వ్యక్తిగత గోప్యతలో భాగమని 2017లో పుట్టస్వామి కేసులోనే చెప్పారు. కాబట్టి హెడ్మాస్టర్ గారు పైకి రాసినా, రాయడానికి అందులో నేరం ఏదీ లేదు.

అయినా ‘ఉద్యోగికి తగని ప్రవర్తన’ అని ప్రభుత్వోద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిని లాగే ప్రయత్నం చేయొచ్చు. సస్పెన్షన్ కూడా రావచ్చు, ఆ మాట మీ దగ్గర దాచను. కానీ తీసేయాలంటే ఆరోపణలు రాసి ఛార్జి మెమో ఇవ్వాలి, విచారణ జరపాలి, మీ వాదన వినాలి. రాజ్యాంగం 311వ అధికరణ ఇచ్చిన రక్షణ ఇది. రాజీనామా ఇచ్చేస్తే ఆ రక్షణను మీ చేత్తో మీరే వదులుకున్నట్టు.

అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో మరాఠీ ప్రొఫెసర్ సిరాస్ గారు మరో మగవాడితో ఉండగా 2010లో ఆయన ఇంట్లోకి కెమెరాతో చొరబడ్డారు, తర్వాత యూనివర్సిటీ ఆయన్నే సస్పెండ్ చేసింది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు ఆ సస్పెన్షన్‌పై స్టే ఇచ్చింది. వారం తిరక్కుండా ఆయన తన గదిలో చనిపోయి కనిపించారు. కేసు గెలుస్తున్న మనిషి. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు మనసులో ఉండదు. అందుకే అడుగుతున్నాను, ఇది ఒంటరిగా మోయకండి. నమ్మకమైన ఒక్కరికి ఇవాళే చెప్పండి. రాత్రి నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

సినిమా చూశాక స్టాఫ్ రూమ్‌లో అందరికీ చెప్పేయాలనిపిస్తోందని కూడా రాశారు. తాము గే అని దాచుకోకుండా అందర్నీ బయటికి చెప్పమని మిల్క్ అన్న మాట నిజమే. చట్టం మాత్రం మిమ్మల్ని చెప్పమనీ అనదు, దాచమనీ అనదు. ఈ టెన్షన్ తగ్గాక, మీకు ఇష్టమైతే చెప్పండి.

ఆ ఫొటో ఎవరైనా తిప్పుతామని బెదిరించి డబ్బు అడిగితే అది న్యాయ సంహిత 308 కింద నేరం. మెసేజ్‌లు డిలీట్ చేయకుండా స్టేషన్‌కి వెళ్లండి. హెడ్మాస్టర్ గారు పిలిచిన తేదీ, టైమ్, అన్న మాటలు ఇవాళే ఒక నోటుబుక్కులో రాసుకోండి. మెమో ఏదైనా వస్తే అందిన తేదీ వేసి కవరుతో సహా దాచండి. దానికి గడువులోపు జవాబివ్వాల్సిందే, కానీ ఒక వకీలుకి చూపించాకే ఇవ్వండి.