రీరైట్, సబ్‌డొమైన్లు, నీ ఇంక్లూడ్లు

అల్లుడూ,

నీ ఫోల్డర్లు చూశాను. షాప్ సబ్‌డొమైన్‌కి విడిగా వర్చువల్ హోస్ట్ (అదే సర్వర్ మీద దానికంటూ వేరే సెట్టింగ్) పెట్టినప్పటి నుంచీ కాన్ఫిగ్ ఫైల్ దొరకట్లేదంటున్నావు. హోస్టింగ్ వాళ్లతో గొడవ పెట్టుకోకు, వాళ్ల తప్పేం లేదు. నువ్వు ఇంక్లూడ్లన్నీ, అంటే వేరే ఫైళ్లని పిలిచే లైన్లన్నీ, డాక్యుమెంట్ రూట్‌తో రాశావు. సైట్ ఫైళ్లు మొదలయ్యే ఫోల్డర్ ఏదో పీహెచ్‌పీకి సర్వర్ చెప్పే వేరియబుల్ అది. షాప్‌కి ఇప్పుడది షాప్ ఫోల్డర్. హెల్ప్ సబ్‌డొమైన్‌ని మాత్రం ఇంకా అపాచీ సర్వర్ సెట్టింగుల ఫైలైన హెచ్‌టీయాక్సెస్‌ రీరైట్‌తోనే (అడిగిన పాత్‌ని లోపల మార్చే రూల్) మళ్లిస్తున్నావు కాబట్టి అక్కడ మెయిన్ సైట్ ఫోల్డరే. క్రాన్‌లో (టైం ప్రకారం స్క్రిప్టులు నడిపేది) నడిపితే అసలు ఖాళీ! ఇన్ని వేషాలు వేసేదాన్ని నమ్మి ఫైల్ పిలవకు. డిర్ కాన్‌స్టంట్ వాడు, అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు ఉండేది. పీహెచ్‌పీ 5.3 నుంచే ఉంది. ఆ లైన్ రాసిన ఫైల్ ఏ ఫోల్డర్లో ఉందో అదే ఇస్తుంది, ఎవరు పిలిచినా సరే.

లింకుల గొడవ వేరు. హెల్ప్‌లో ఎవరో ‘/రిటర్న్స్/42’ అడిగారనుకో. రిక్వెస్ట్ యూఆర్ఐ అనే సర్వర్ వేరియబుల్‌లో అదే ఉంటుంది. స్క్రిప్ట్ నేమ్ అనే ఇంకో వేరియబుల్‌లో మాత్రం రీరైట్ అయ్యాక దొరికిన ‘/హెల్ప్/ఇండెక్స్.పీహెచ్‌పీ’ ఉంటుంది. నువ్వు రెండోదాన్నుంచి ఫోల్డర్ పేరు తీసి లింకులు కట్టావు. దాంతో హెల్ప్ సబ్‌డొమైన్ మీద మళ్లీ ‘/హెల్ప్/’ వచ్చి చేరింది. రీరైట్ దాని ముందు ఇంకో హెల్ప్ తగిలించింది, 404 (పేజీ లేదు) వచ్చింది. ఏ అడ్రస్‌కి ఏ పేజీ అని తేల్చే రూటింగ్‌కి రిక్వెస్ట్ యూఆర్ఐ తీసుకో, క్వశ్చన్ మార్క్ తర్వాతది కోసెయ్. ఒక్కో సబ్‌డొమైన్ బేస్ యూఆర్ఎల్‌ని కాన్ఫిగ్‌లో చేత్తో రాసి పెట్టు. హెచ్‌టీటీపీ హోస్ట్‌లో ఉండే డొమైన్ పేరు వచ్చినవాడు పంపేది, కాబట్టి ఆ జాబితాలో లేని పేరైతే తిప్పి పంపెయ్.

ఫారం యాక్షన్‌లో (ఫారం ఎక్కడికి పంపాలో చెప్పేది) పీహెచ్‌పీ సెల్ఫ్ అనే వేరియబుల్ చూశాను. తీసెయ్. అడ్రస్ చివర తగిలించిన చెత్త కూడా అందులోకి వస్తుంది, ఎస్కేప్ చేయకపోతే (ప్రత్యేక గుర్తుల్ని మామూలు అక్షరాలుగా మార్చకపోతే) స్క్రిప్ట్ ఎక్కించేస్తారు. సీఎస్ఎస్ పాత్‌లు స్లాష్‌తో మొదలవ్వాలి, లేకపోతే బ్రౌజర్ ‘/రిటర్న్స్/’ కింద వెతుకుతుంది.

అప్పుడప్పుడూ వస్తోందన్న 500 ఎర్రర్‌కి కారణం నీ రూల్లోనే ఉండొచ్చు. ‘ఇక్కడితో ఆపు’ అనే ఎల్ ఫ్లాగ్ పెట్టినా, పాత్ మారాక అపాచీ హెచ్‌టీయాక్సెస్‌ని మళ్లీ మొదట్నుంచి చదువుతుంది. ‘ఇప్పటికే హెల్ప్‌తో మొదలైతే ముట్టుకోకు’ అని ఒక రీరైట్ కండిషన్ పెట్టు. అపాచీ 2.4 అయితే, అలా మళ్లీ చదవకుండా ఆపే ఎండ్ ఫ్లాగ్ కూడా ఉంది. లేదంటే తిరిగి తిరిగి, డీఫాల్ట్‌గా ఉన్న 10 దారిమళ్లింపుల హద్దు దాటి చేతులెత్తేస్తుంది.

ముందు ఇంక్లూడ్లు మార్చు. తర్వాత రెండు సబ్‌డొమైన్లలోనూ ఈ వేరియబుల్స్ ప్రింట్ చేసి నాకు పంపు. పంపాక ఆ ఫైల్ సర్వర్ మీంచి తీసెయ్యడం మర్చిపోకు.

మీ మావయ్య