అన్నీ ఒకేలా కనిపించే పిట్టలు

ప్రశ్న: పక్షులు చూసే క్లబ్బులో చేరి మూడు నెలలైంది. వచ్చే నెల అందరం సముద్ర తీరానికి వెళ్తున్నాం. పోయినసారి చెరువు దగ్గర మిగతావాళ్లు పేర్లు టకటకా చెప్పేస్తుంటే, నేను తలూపుతూ నిలబడ్డాను. శరత్కాలంలో తీరం పిట్టలన్నీ బూడిదరంగులో ఒకేలా ఉంటాయని అంటున్నారు. ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. ఏం చదువుకుని వెళ్లాలి? ఫొటో కోసం ఎంత దగ్గరికి వెళ్లొచ్చు?
- ఒక పాఠకురాలు

జవాబు: తలూపడంలో తప్పేం లేదండీ, నేను రెండేళ్లు అదే పని చేశాను. మీరు ముందుగా చదవాల్సింది పక్షుల పుస్తకం కాదు, ఆటుపోట్ల పట్టిక. నా మొదటి తీరం ట్రిప్పుకి, అడవికి వెళ్లినట్టే తెల్లవారకముందే వెళ్లి నిలబడ్డాం. నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. కనుచూపు మేరా బురద, దాని అవతలి అంచున ఆవాలు చల్లినట్టు పిట్టలు. మాలో ఇద్దరు టెలిస్కోపు పెట్టి ఒకదాని గురించి అరగంట వాదించుకున్నారు. చివరికి అది కర్ర అని తేలింది.

పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే నిన్నటి పోటు ఇవాళ 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఆ రోజు పోటు ఎన్నింటికో కనుక్కుని, రెండు గంటల ముందే వెళ్లి, ఎండ వీపు మీద పడేలా కూర్చోండి. నీళ్లు పెరిగేకొద్దీ బురద తగ్గిపోతుంది, పిట్టలు వాటంతట అవే మీవైపు జరుగుతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు మరీ పెద్దది. బురద మొత్తం మునిగిపోతే అవి వేరే చోటికి లేచిపోతాయి కూడా.

ఇక రంగు సంగతి వదిలేయండి. తిండి ఎలా తింటోందో చూడండి. ప్లోవర్‌కి ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. నాలుగడుగులు పరిగెత్తి, ఠక్కున ఆగి, చూసి పొడుస్తుంది. శాండ్‌పైపర్లలో చాలావాటికి చూపుతో పెద్దగా పనిలేదు. తల దించి కుట్టుమిషన్ సూదిలా బురదని పొడుస్తూ పోతాయి. అలల అంచున వచ్చే నీళ్లకి పారిపోతూ, పోయే నీళ్ల వెంట పడుతూ ఉంటే అది శాండర్లింగ్. గాడ్విట్ పొడవాటి ముక్కుని మొదలంటా దించేస్తుంది. లోపల నోరంతా తెరవకుండానే పైముక్కు కొస మాత్రం ఎత్తి పురుగుని పట్టుకోగలదు. గ్రే ప్లోవర్ ఎగిరినప్పుడు చంకలో నల్లమచ్చ కనిపిస్తుంది. బూడిదరంగు గుంపులో నేను ఒట్టేసి చెప్పగలిగే పిట్ట ఇప్పటికీ అదొక్కటే!

శరత్కాలంలో ఇంకో సరదా ఉంది. అదే ఏడు పుట్టిన పిల్లల ఈకలు కొత్తబట్టల్లా ఉంటాయి, లేత అంచులతో చేప పొలుసుల్లా కనిపిస్తాయి. పెద్దవాటి ఒంటి మీద వేసవి రంగు అక్కడక్కడా మిగిలి, మాసికలు వేసినట్టు ఉంటుంది. చాలా జాతుల్లో పెద్దవి ముందే బయల్దేరిపోతాయి, పిల్లలు దారి చూపేవాళ్లు లేకుండా వెనక వస్తాయి. 2022లో ఉపగ్రహ ట్యాగ్ కట్టిన ఒక గాడ్విట్, వయసు ఐదు నెలలే, అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవి దాకా 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా వెళ్లింది. అంత దూరానికి కావలసినదంతా బయల్దేరే ముందు కొవ్వుగా దాచుకోవాల్సిందే. బరువు తగ్గించుకోవడానికి వాటి పేగులు కూడా కుంచించుకుపోతాయి.

మీ ఫొటో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. ఇన్ని అడుగులని లెక్కేం లేదు. తినడం ఆపి తలెత్తిందా, అక్కడే ఆగండి. ఇంకా మీవైపే చూస్తుంటే రెండడుగులు వెనక్కి వేయండి. గుంపు లేచిపోయిందంటే దాచుకున్న కొవ్వు మీ ఫొటో కోసం ఖర్చయినట్టే. పోటు సమయంలో ఒంటికాలి మీద కునుకు తీసే గుంపు జోలికి అసలు వెళ్లకండి.

టెలిస్కోపు లేదని బెంగపడకండి, 8×42 బైనాక్యులర్స్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు. ఎవరైనా పేరు చెప్పగానే "ఎలా గుర్తుపట్టారండీ?" అని అడిగేయండి. కొందరు సంతోషంగా చెబుతారు, కొందరు పుస్తకం తీస్తారు. బురదలోకి మాత్రం దిగకండి. మనం ముందుకు చూస్తూ ఉంటే, కాలవల గుండా నీళ్లు వెనకనుంచి చుట్టేస్తాయి.