గేటు దగ్గర ఆగింది గుర్రమా, నేనా?

(పెంపుడు జంతువుల గురించి, పశువుల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఒక రిటైర్డ్ పశువైద్యురాలి జవాబులు)

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నాకు 46 ఏళ్లు. శంకర్‌పల్లి దగ్గర ఒక స్టేబుల్‌లో నా మార్వారీ ఆడగుర్రం మల్లి ఉంటుంది. దానికి 11 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం కొన్నాను. ఆదివారం పొద్దున్నే బండ్లబాట పట్టుకుని పొలాల మధ్య నుంచి చెరువు దాకా వెళ్లి రావడం మా ఇద్దరికీ అలవాటు. నిరుడు వానలు తగ్గాక ఒకరోజు సర్కారు తుమ్మ పొదలోంచి నెమలి ఒక్కసారిగా లేచింది. మల్లి పక్కకి దూకింది, నేను కింద పడ్డాను. భుజం దగ్గర ఎముక విరిగింది. అది అతుక్కుని ఆరు నెలలైంది. ఇప్పుడు స్టేబుల్ లోపలి మట్టి రింగులోనే తిరుగుతున్నాం. గేటు వైపు తిప్పితే చాలు, నాకు కడుపులో పట్టేసినట్టు అవుతుంది. మల్లి కూడా అక్కడే చిందులు మొదలుపెడుతుంది. రింగులో మాత్రం నిద్రలో నడుస్తున్నట్టు మందకొడిగా నడుస్తుంది. స్టేబుల్‌లో వాళ్లు ‘అమ్మేసి ఒక ముసలి గుర్రాన్ని కొనుక్కోండి మేడమ్’ అంటున్నారు. ఇంట్లో వాళ్లేమో ఈ వయసులో ఇదేం సరదా అంటున్నారు. దాణా బాగానే తింటోంది, ఒళ్లు కూడా చేసింది. ఈమధ్య జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కరవడానికి వస్తోంది. పాత సరదా మళ్లీ వస్తుందంటారా, లేక అమ్మేయమంటారా?
— ఒక పాఠకురాలు, శంకర్‌పల్లి

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర్లో పోతూ పోతూ రాసిన ముక్క ఉంది చూశారూ, పట్టీ బిగిస్తే కరవడానికి వస్తోందని, నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను. నెమలి సంగతి తర్వాత.

మార్వారీ గుర్రాలకి చెవుల కొనలు లోపలికి వంపు తిరిగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. అవి అలా నిలబడి ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. ఆ చెవులు మెడకి అతుక్కుపోయేలా వెనక్కి వాలాయంటే అది అలక కాదు, చాలాసార్లు నొప్పి. నెలల తరబడి మల్లికి బయట పని లేదు. దాణా మాత్రం బాగానే తింటోందని మీరే రాశారు. ఒళ్లు చేసిన గుర్రానికి పాత జీను సరిపోదు. పోయినేటి జాకెట్ మనకి ఈ ఏడు పట్టనట్టే. జీను తీసేసి మెడ మొదలు నుంచి నడుము దాకా వెన్నెముకకి రెండు పక్కలా వేళ్లతో నెమ్మదిగా నొక్కుకుంటూ వెళ్లండి. ఎక్కడైనా వీపు కిందికి కుంగినా, చర్మం వణికినా, తోక విసిరినా ఆ చోటు గుర్తు పెట్టుకోండి. తర్వాత ఒక అరగంట రింగులో చెమట పట్టేదాకా నడిపించి, జీను, దాని కింది గుడ్డ తీసి చూడండి. వీపంతా తడిగా ఉండి, మధ్యలో ఒకచోట మాత్రం చెయ్యంత పొడి మచ్చ కనిపిస్తే అక్కడ జీను గట్టిగా నొక్కుతోందని అనుమానించాలి. సరిగ్గా వెన్నెముక మీద పొడిగా ఉంటే కంగారు పడొద్దు, అది మామూలే.

పట్టీ దగ్గర కోపానికి కడుపులో పుండ్లు కూడా కారణం కావచ్చు. గుర్రం కడుపులో ఆమ్లం తిండి తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. మన స్టేబుళ్లలో పొద్దున్నే ఖాళీ కడుపుతో జీను వేసి తీసుకెళ్తారు, వచ్చాక దాణా పెడతారు. ఇది నాకు ఎప్పుడూ నచ్చని అలవాటు. ఎక్కే ముందు ఎండుగడ్డో, దొరికితే కాస్త లూసర్న్ గడ్డో తిననివ్వండి. దాణా కాదు, గడ్డి. ఉలవలు బలమని సాయీసులు (గుర్రాల్ని చూసుకునేవాళ్లు) డబ్బాల లెక్కన పెట్టేస్తుంటారు. పని లేని గుర్రానికి ఆ బలమంతా ఎటు పోవాలి? గేటు దగ్గర చిందుల్లో కొంత వాటా ఉలవలదే. 350 కిలోల గుర్రానికి రోజుకి ఏడు కిలోల దాకా ఎండుమేత ఉండాలి. దాణా పనిని బట్టి. ఒక వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించండి, ఒక్కసారిగా కాదు.

ఇంకో అనుమానం. రింగులో నిద్రపోతున్నట్టు నడుస్తోందన్నారు. విసుగే కావచ్చు. రోజూ అదే మట్టిలో గుండ్రంగా తిరగమంటే నాకైనా నిద్రే వస్తుంది. కానీ వానాకాలం తర్వాత మన ప్రాంతంలో మందకొడిగా ఉన్న గుర్రాన్ని చూస్తే నాకు ముందు సర్రా గుర్తొస్తుంది. జోరీగలు మోసుకొచ్చే రక్తపు జబ్బు అది. జ్వరం వచ్చిపోతూ ఉంటుంది, కళ్ల లోపలి ఎరుపు తగ్గుతుంది, కాళ్లకీ పొట్ట కిందా నీరు చేరుతుంది. తింటున్నా చిక్కిపోతుంది. మల్లి ఒళ్లు చేసిందంటే అది కాకపోవచ్చు, అయినా మీ డాక్టరుతో రక్తం ఒకసారి చూపించండి. వారం పాటు రోజూ సాయంత్రం థర్మామీటర్ పెట్టించండి. 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే సరే. పళ్లు కూడా చూడమనండి. అరిగి పదునెక్కిన పళ్లు బుగ్గని కోస్తుంటే కళ్లెం వేసినప్పుడల్లా నొప్పే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక మీ కడుపు సంగతి చూద్దాం.

నాకు 52 ఏళ్లప్పుడు వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పడ్డాను. కోతుల గుంపు చెట్టు మీంచి దారిలోకి దూకింది. గుర్రం గిర్రున వెనక్కి తిరిగింది. నేను తిరగలేదు. ఎర్రమట్టిలో కూర్చుని వంకరపోయిన కళ్లజోడు సరిచేసుకుంటుంటే, అది ఇరవై గజాల దూరంలో నిలబడి నన్నే చూస్తోంది. ఎముకలు విరగలేదు. అయినా ఆ తర్వాత ఏడాది పాటు నేను చేసిన స్వారీ స్వారీ కాదు, పరీక్షకి కూర్చోవడం. పగ్గాలు బిగబట్టేదాన్ని, మోకాళ్లు బిగబట్టేదాన్ని, ఊపిరి కూడా బిగబట్టేదాన్ని. నా కాళ్ల మధ్య ఉన్నది నా బిగుతంతా తెలిసిపోయే జంతువు. పైనున్న మనిషి ఇంత భయపడుతోందంటే ముందు పులేదో ఉందని అది అనుకోదా? మల్లి గేటు దగ్గర చిందులేస్తోందంటున్నారు. అది భయపడి మీరు బిగుసుకుంటున్నారా, మీరు బిగుసుకుని అది భయపడుతోందా అన్నది నేను తేల్చలేను. అక్కర్లేదు కూడా. ఇద్దరిలో ఒకరు వదులైతే చాలు.

నేనైతే దిగిపోయాను. మీరూ దిగండి. జీను వేసి, మల్లిని పట్టుకుని, మీరు నడుచుకుంటూనే గేటు దాటండి. మొదటి రోజు ఆ మొదటి బోరు మోటారు షెడ్డు దాకా చాలు. అక్కడ తలవంచి నాలుగు పోచలు మేయనివ్వండి, వెనక్కి వచ్చేయండి. పావుగంట పని. రెండో వారం ఇంకాస్త దూరం. మధ్యలో ఎక్కాలనిపిస్తే గట్టుమీంచో రాయిమీంచో ఎక్కండి, వద్దనిపిస్తే ఎక్కకండి. ఎక్కాక కడుపులో పట్టేసినా దిగేయండి. దిగడం ఓటమని మనకి ఎవరు నేర్పారో గానీ, నేను ఇప్పటికీ వాగు దాటేటప్పుడు నచ్చకపోతే దిగి నడిపిస్తాను. గుర్రం ఎవరికీ చెప్పదు.

గుర్రానికి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది. నుదుటికి ఎదురుగా కాస్త, తోక వెనక కాస్త కనబడదు. కంచెకి చిక్కుకుని రెపరెపలాడే పాలిథిన్ కవర్ మీ లెక్కన చెత్త, దాని లెక్కన పొంచి ఉన్నదేదో. తల పైకెత్తి చూస్తానంటే చూడనివ్వండి, పగ్గాలు కొంచెం వదలండి. చూసి, ముక్కుతో గట్టిగా గాలి వదిలి, తల దించిందంటే పని అయిపోయినట్టే. వెళ్లేటప్పుడు చూసిన మోటారు షెడ్డే వచ్చేటప్పుడు మళ్లీ కొత్తగా చూస్తే విసుక్కోకండి. అటువైపు నుంచి దాన్ని అది ఇంకా చూడలేదు మరి.

ఊపిరికి ఒక చిట్కా. పాడండి. పాడుతూ ఎవరూ ఊపిరి బిగబట్టలేరు. నేను మా అమ్మమ్మ దగ్గర విన్న నాట్ల పాటలు పాడేదాన్ని. నా గొంతుకి గుర్రం బెదరలేదు గానీ, పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు మాత్రం లేచి నిలబడి చూశారు.

ఈలోగా రింగుని వృథా చేయకండి. నడుస్తూ ఉండగా ఒక్క పగ్గాన్నే పక్కకి మెల్లగా తీసుకుంటే మెడ వంచి, వెనక కాళ్లు పక్కకి వేసి ఆగడం నేర్పండి. రెండు వైపులా నేర్పాలి. బెదిరినప్పుడు రెండు పగ్గాలూ కలిపి గుంజితే దానికి ఎదురు నెట్టడానికి ఆసరా దొరుకుతుంది. మెడ వంగితే ముందుకి దూసుకెళ్లే ఊపు విరుగుతుంది. చేతికి అలవాటు కావాలి, భయం వేసిన క్షణంలో ఆలోచించే టైం ఉండదు. ఉరికే గుర్రం మెడని మాత్రం ఒక్కసారిగా గుంజకూడదు, కాళ్లు తడబడి పడుతుంది.

మీ స్టేబుల్‌లో నెమ్మదస్తురాలైన పెద్ద గుర్రం ఒకటి ఉండే ఉంటుంది, అమ్మేసి కొనుక్కోమన్నారే, అలాంటిది. కొనక్కర్లేదు, తోడు తీసుకెళ్లండి. ముందు అది, వెనక మల్లి. ముందున్నది పట్టించుకోని కవర్‌ని వెనకది కూడా చాలావరకు పట్టించుకోదు. తిరుగుదారిలో చివరి కిలోమీటరు నడకే. ఇంటివైపు పరుగెత్తించే అలవాటు చేశారంటే, ఒకరోజు వద్దన్నా పరుగెత్తుతుంది.

చిన్న విషయాలు రెండు. పడ్డప్పుడు పెట్టుకున్న హెల్మెట్‌ని పైకి బాగానే ఉన్నా పక్కన పడేయండి. లోపలి నురుగు ఒక దెబ్బకే పనికొస్తుంది. కొత్తది గుర్రపు స్వారీ కోసం చేసిందే కొనండి, సైకిల్ హెల్మెట్ కాదు. ఫోన్ మీ జేబులో ఉండాలి, జీను సంచిలో కాదు. గుర్రం పారిపోతే ఫోన్ కూడా దానితోపాటే పోతుంది.

ఎండలు ముదిరాక పొద్దున్న ఎనిమిదిలోపు ఇంటికి చేరేలా చూసుకోండి. వచ్చాక దవడ కింద వేలు పెట్టి నాడి లెక్కపెట్టండి. తీరిగ్గా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44. వచ్చిన పావుగంటకి 60 దాటి ఉంటే ఎక్కువ శ్రమ పెట్టారన్నమాట. వేడెక్కిన గుర్రం మీద చల్లనీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయని మన సాయీసుల గట్టి నమ్మకం. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి ముందు అక్కడి ఎండలో గుర్రాలు ఎలా తట్టుకుంటాయన్న దిగులుతో పరిశోధనలు చేశారు. చల్లనీళ్లు ధారగా పోయడమే మంచిదని తేలింది. కాబట్టి పోయించండి, వాదన వస్తే నా పేరు చెప్పండి.

ఇక సరదా. అమ్మా, మార్వారీకి రేవాల్ అని పుట్టుకతో వచ్చే ఒక నడక ఉంటుంది. అన్ని మార్వారీలకీ ఉండదు, ఉన్నవాటి వీపు మీద మాత్రం చెంబులో నీళ్లు తొణకవు. రింగు మూలల్లో అది బయటపడదు. దానికి తిన్నని బాట కావాలి, ముందుకి పోవాలన్న ఉత్సాహం కావాలి. మల్లికి అది ఉందో లేదో మీరు రాయలేదు. చెరువు దాకా అన్నాళ్లు వెళ్లారు కాబట్టి మీ నడుముకి తెలిసే ఉంటుంది. జీను మీద కూర్చుంటే జొన్నచేను మీదుగా అవతలి గట్టు కనిపిస్తుంది, కౌజుపిట్టలు కాళ్ల దగ్గర్నుంచి లేస్తాయి, ఎడ్లు కట్టేసుకుంటున్న పెద్దాయన ‘అమ్మా, ఎంత వెట్టి కొన్నవ్ దాన్ని?’ అని అడుగుతాడు. నన్ను అడిగినాయన ధర విని, ‘గంతల రెండు బర్రెలొస్తుండె’ అన్నాడు. పాలు కూడా వచ్చేవని జోడించాడు.

అమ్మకం సంగతి ఈ చలికాలం దాటాక ఆలోచిద్దాం. ఆ చెమట మచ్చ ఫొటో, వారం రోజుల జ్వరం లెక్క నాకు పంపండి.

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఆస్టిన్ దగ్గర ఉంటాం. మా అమ్మాయికి 13 ఏళ్లు, రైడింగ్ నేర్చుకుని పోటీలకి తిరిగి విసిగిపోయింది. పోటీలు ఆపి ఈ చలికాలం తన గుర్రాన్ని ట్రైలర్‌లో స్టేట్ పార్క్‌కి తీసుకెళ్లి ట్రైల్ రైడ్ చేయించాలనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు

జవాబు: మంచి ఆలోచన, నాయనా. పోటీల మార్కులతో విసిగిన పిల్లకి మార్కులు లేని దారి మంచి మందు. ముందు కాగితం. మీ స్టేట్ పార్కుల్లోకి గుర్రాన్ని తీసుకెళ్లాలంటే గత 12 నెలల్లో చేయించిన కాగిన్స్ టెస్ట్ అనే రక్తపరీక్ష నెగటివ్ రిపోర్ట్ ఉండాలి. గుర్రాలకి ఈగల ద్వారా పాకే ఒక రక్తహీనత వైరస్ ఉంది, ఆ పరీక్ష దాని కోసమే. దానికి టీకా లేదు, మందు లేదు, అందుకే అంత పట్టింపు. రిపోర్ట్ కాపీ ట్రైలర్‌లోనే పెట్టేయండి.

బాండెరా దగ్గరి హిల్ కంట్రీ స్టేట్ నేచురల్ ఏరియాలో గుర్రాలు వెళ్లే దారులు దాదాపు 40 మైళ్లు ఉన్నాయి. రాళ్ల నేల. మెత్తటి ఇసుక రింగుకి అలవాటుపడిన గిట్టలు అక్కడ గంటలో నొచ్చుకుంటాయి. నాడాలో, గిట్టల బూట్లో ముందే వేయించి, ఇంటి దగ్గరే రెండు మూడు వారాలు అలవాటు చేయండి. మొదటిసారి ఐదు మైళ్లు మించొద్దు. ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో అమ్మాయినే చెప్పనివ్వండి. మీరు వెనక గుర్రం మీద ఉంటే, ‘వీపు నిటారుగా పెట్టు’ అని మాత్రం అనకండి.