షరతు ఎప్పుడు తేలుతుందో రాయి

పర్లాకిమిడి

తమ్ముడూ,

మేక్‌ఫైల్ మీద, అంటే ఏ ఫైలును ఎలా తయారు చెయ్యాలో మేక్ అనే ప్రోగ్రాంకి చెప్పే ఫైలు మీద, నువ్వు రాసిన వ్యాసం చదివాను. బరంపురంలో మీ ప్రెస్ కోసం తెలుగులోనూ ఒడియాలోనూ కరపత్రాలు తయారు చేసే ఫైల్‌నే ఉదాహరణగా తీసుకున్నావు, బాగుంది. మనవైపు రోజూ ఉండే పనే కదా. కానీ 'షరతు నిజమైతే తెలుగు ఫాంటు, లేకపోతే ఒడియా ఫాంటు' అని రాసి వదిలేశావు. మేక్ ఆ షరతును ఎప్పుడు చూస్తుందో చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

గ్నూ మేక్ ముందు ఫైలంతా చదువుతుంది, ఆ తర్వాతే టార్గెట్ల (తయారు కావాల్సిన వాటి) పని పడుతుంది. రెండు మాటలు ఒకటేనా అని చూసే షరతు 'ఇఫ్‌ఈక్యూ' చదివేటప్పుడే తేలిపోతుంది. అప్పటికి 'భాష' వేరియబుల్‌లో ఏముంటే అదే లెక్క. కింద ఎక్కడో మార్చినా వెనక్కి వచ్చి చూడదు. కమాండ్‌లోనే 'భాష=ఒడియా' అని ఇస్తే సరిపోతుంది, అది ఫైలు తెరవకముందే మేక్‌కి తెలుసు. నువ్వేమో ఒక్క టార్గెట్‌కి మాత్రం భాష మార్చావు. అది ఇఫ్‌ఈక్యూకి కనబడదు. ఒడియా కరపత్రం తెలుగు ఫాంటుతో వచ్చిందని టెన్షన్ పడ్డావే, కారణం ఇదే. ఫాంటు పాడవలేదు.

అలాంటి చోట 'ఇఫ్' ఫంక్షన్ వాడాలి. 'ఫాంటు' వేరియబుల్‌కి ఉత్త '=' పెట్టి అందులో ఇఫ్ రాస్తే, రెసిపీలో (టార్గెట్‌ను తయారుచేసే కమాండ్లలో) ఫాంటు వాడిన ప్రతిసారీ షరతును కొత్తగా చూస్తుంది. ':=' పెట్టావో, మళ్ళీ మొదటికే: అక్కడికక్కడే తేల్చేసి ఫలితాన్ని దాచుకుంటుంది. ఆ కోలన్‌కి నీ వ్యాసంలో సగం పేజీ ఇవ్వు. 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ బెల్ ల్యాబ్స్‌లో మేక్ రాసిన కథకి ఒక్క వాక్యం చాలు.

ఇంకోటి. ఇఫ్ రెండు మాటల్ని పోల్చదు, షరతు ఖాళీయా కాదా అన్నదే చూస్తుంది. '0' ఉన్నా, 'కాదు' అని ఉన్నా దానికి నిజమే! పోల్చాలంటే లోపల 'ఫిల్టర్' పెట్టాలి. అది భాషలో ఒడియా అన్న మాటను మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది; ఏదైనా మిగిలితే నిజం, లేకపోతే అబద్ధం.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉన్నాను కనుక చనువుగా అంటున్నాను: 'చదవబడుతుంది', 'తేల్చబడుతుంది' తీసెయ్. ఏ పని ఎవరు చేస్తున్నారో తెలియాల్సిన చోట ఆ రాత చదివేవాణ్ణి తికమక పెడుతుంది.

ఇఫ్‌ఈక్యూ కింద ఒక 'ఇన్ఫో' లైను, రెసిపీలో ఒక 'ఎకో' లైను పెట్టి నడుపు; రెండూ తెరమీద ఓ మాట చూపించేవే. ఏది ముందొచ్చిందో ఆ అవుట్‌పుట్‌ను వ్యాసంలో ఉన్నదున్నట్టు దించు. ఒడియా కరపత్రం సరిగ్గా వచ్చాక ఫైలు నాకూ పంపు.

నీ అన్నయ్య