తాడు మీద నిలబడటం ముందు నేర్చుకో

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం వదిలేసి కొండల్లో, సాహస క్రీడల్లో ఫొటోలు తీయడమే పనిగా పెట్టుకుంటానన్నావు. వద్దని చెప్పమని మీ నాన్న నాకు ఫోన్ చేశాడు. నేను వద్దనను. నీకు పట్టుదల ఉంది, కన్నూ ఉంది. అయితే ఉత్తరం నిండా ఏ కెమెరా బాడీ కొనాలి, ఏ లెన్స్ కొనాలి అనే అడిగావు. నీ దగ్గరున్న కెమెరా ఇంకో రెండేళ్లు సరిపోతుంది. చేతిలో ఉన్న డబ్బు ముందు మంచి బూట్లకీ, తాడు తగిలించుకోవడానికి నడుముకు కట్టుకునే హార్నెస్‌కీ, హెల్మెట్‌కీ, శిక్షణకీ పెట్టు.

ఈ పనిలో మొదటిసారి నీ ఫొటోలు చూసి పిలుస్తారు. రెండోసారి పిలవాలంటే మాత్రం కొండ మీద నువ్వు వాళ్లకు బరువు కాలేదని వాళ్లకు అనిపించాలి. జట్టు అలసిపోయి ఉన్నప్పుడు, చీకటి పడుతున్నప్పుడు, ఫొటోలు తీసే మనిషిని కూడా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సి వస్తే ఆ మనిషికి మళ్లీ కబురు రాదు. ఇది నేను చాలామంది ప్రతిభావంతుల విషయంలో చూశాను.

రాయి ఎక్కేవాళ్లను కింద నుంచి తీస్తే నడుమూ బూట్ల అడుగులూ తప్ప ఏమీ కనబడవు. మనకు మొహం కావాలి, వేళ్లు రాతి అంచును ఎలా పట్టాయో కావాలి, కింద ఎంత లోతుందో కావాలి. అవన్నీ పైనుంచే దొరుకుతాయి. అంటే వాళ్లకంటే ముందే నువ్వు వెనక దారిన పైకి వెళ్లి, రెండు వేర్వేరు చోట్ల యాంకర్, అంటే తాడును రాతికి బిగించే ఆధారం, వేసుకుని, తాడు మీద దిగి, వేలాడుతూ ఎదురుచూడాలి. వాళ్లు ఎక్కేకొద్దీ నువ్వూ జూమార్‌తో, అంటే తాడును పట్టి పైకి మాత్రమే జరిగే పట్టుతో, పైకి జరగాలి. ఎక్కేవాళ్ల తాడు సాగుతుంది, పడినప్పుడు ఒంటికి కుదుపు తగ్గడానికి. నీది సాగని తాడు, స్టాటిక్ రోప్ అయి ఉండాలి. లేకపోతే ఫ్రేము కుదిరేలోపు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటావు. నీ తాడు వాళ్ల దారికి పక్కగా పడాలి, ఎప్పుడూ మీదుగా పడకూడదు. యాంకర్ నువ్వే వేసినా ఇంకొకరు తడిమి చూశాకే బరువు వెయ్యి. ఎంత అనుభవం వచ్చినా ఈ అలవాటు మానకు.

తాడు మీద లెన్స్ మార్చొద్దు. 30 మీటర్ల పైనుంచి జారిన లెన్స్ కింద బిలే ఇస్తున్న, అంటే ఎక్కేవాళ్ల తాడు పట్టుకుని కాపాడుతున్న, మనిషి ప్రాణం తీస్తుంది. ఏది కావాలో నేల మీదే నిర్ణయించుకుని, 24-70 మి.మీ. జూమ్ లెన్స్ లాంటిది ఒకటి తగిలించుకుని పో. కెమెరాకు రెండు కట్లు ఉండాలి, ఒకటి హార్నెస్‌కు, ఇంకోటి ఒంటికి. లెన్స్ మూత, ఫోను, కళ్లద్దాలు, ఏదీ జేబులో వదులుగా ఉండకూడదు.

నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. భువనగిరి ఏకశిల మీద ర్యాపెలింగ్ (తాడు మీద దిగడం), క్లైంబింగ్ నేర్పుతారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు కదా, వాళ్ల తొలి పాఠాలు ఆ రాతి మీదే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లు ఖాజాగూడ గుట్టల్లో బౌల్డరింగ్, అంటే తాడు లేకుండా చిన్న బండలు ఎక్కడం, చేసేవాళ్లతో కలిసి తిరుగు. ఆ తర్వాత ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో గానీ, డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ బేసిక్ కోర్సు చెయ్యి. దాదాపు 28 రోజులు. సీట్లు చాలా ముందే నిండిపోతాయి, కాబట్టి దరఖాస్తు ఇప్పుడే పెట్టు. అక్కడ ఉన్నన్ని రోజులూ కెమెరా సంచిలోనే ఉంచు. ముడులు, మంచు గొడ్డలి, జారితే ఆగే పద్ధతి నేర్చుకోవడానికే ఆ రోజులు చాలవు.

గేలెన్ రోవెల్ పేరు నువ్వు వినే ఉంటావు. అమెరికన్, మొదట పర్వతారోహకుడు, ఆ తర్వాతే ఫొటోగ్రాఫర్. 1981లో టిబెట్‌లోని లాసాలో ఇంద్రధనుస్సు కనిపించింది. అది అక్కడి పొటాలా ప్యాలెస్ మీదికి వచ్చేది ఎక్కడ నిలబడితేనో లెక్క వేసుకుని, దాదాపు 3,650 మీటర్ల ఎత్తులో అక్కడికి పరుగెత్తాడు. పక్కనున్నవాళ్లకూ ఇంద్రధనుస్సు కనబడింది, కానీ ఆ ఫొటో ఆయనకే దొరికింది. ఆ ఎత్తులో పరుగెత్తగల ఊపిరి ఆయనకుంది. అందుకే రోజూ పరుగు, మెట్లు, వీపున బరువుతో నడక మొదలుపెట్టమంటున్నాను.

ఎత్తులో మనకు మామూలు ట్రెక్కర్ల కంటే శ్రమ ఎక్కువ. ముందుకు ఉరికి, ఆగి, తీసి, జట్టు దాటిపోయాక మళ్లీ అందుకోవాలి. పైగా క్లిక్ కొట్టేటప్పుడు ఊపిరి బిగబడతాం. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. విమానంలో నేరుగా లేహ్‌లో దిగితే మొదటి రెండు రోజులు ఊరు దాటకు. తలనొప్పి వస్తే చెప్పడానికి మొహమాటపడకు. తగ్గకపోతే కిందికి దిగడమే మందు. ఇక చలి సంగతి: బ్యాటరీలు చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకో, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లోకి తీసుకుపో. బయటి నుంచి వెచ్చని గదిలోకి వచ్చేముందు కెమెరాను గాలి చొరని కవరులో మూసెయ్యి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. కెమెరా ఎదురుగా ఉంటే మనిషి తన హద్దు దాటి పోతాడు. ఒంటరిగా ఉంటే వెనక్కి తిరిగేవాడు కూడా, నువ్వు చూస్తున్నావని ఇంకో అడుగు వేస్తాడు. కుర్రాళ్లు మరీను. అందుకే ఎక్కేముందే చెప్పు: "నా కోసం ఏదీ చేయొద్దు, నువ్వు దిగిపోయినా నాకు ఫొటో దొరికినట్టే" అని. ప్రమాదమైన కదలికను "ఇంకొక్కసారి" అని ఎప్పుడూ అడగకు. 2017 జూన్ 3న అలెక్స్ హొనాల్డ్ అనే క్లైంబర్ తాడు లేకుండా అమెరికాలోని ఎల్ కాపిటాన్ అనే నిట్టనిలువు కొండ ఎక్కినప్పుడు చిత్రీకరించిన జట్టులో అందరూ అనుభవం ఉన్న క్లైంబర్లే. అయినా అన్నిటికంటే కష్టమైన చోట మనుషులెవరూ దగ్గర ఉండకుండా, దూరం నుంచి నడిచే కెమెరాలు పెట్టారు. తమ ఉనికి కూడా అతని మనసుకు బరువు కాకూడదని. మంచి ఫొటోగ్రాఫర్ ఎవరు అంటే నాకు ముందు ఆ నిర్ణయమే గుర్తొస్తుంది.

మన నేల మీద కూడా పని పుష్కలంగా ఉంది. గండికోటలో పెన్నా లోయ సాయంత్రం ఎర్రబడుతుంది. పాడేరు దగ్గర వంజంగిలో చలికాలం తెల్లవారుజామున మబ్బులు కాళ్ల కింద ఉంటాయి. ఎక్కడైనా సరే, వ్యూఫైండర్‌లోంచి చూస్తూ అడుగు వేయకు, వెనక్కి అసలు వేయకు. రాతి పనికి దసరా తర్వాత నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. ఎండాకాలం మధ్యాహ్నం గ్రానైట్ చేయి పెట్టనివ్వదు. మృగశిర కార్తె దాటాక రాయి పాకుడు పడుతుంది. ఆ నెలల్లో జలపాతాల దగ్గరకు పోతావు కాబట్టి ఒకటి గుర్తుంచుకో: నీళ్లు ఉన్నట్టుండి బురద రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, పైన వాన పడిందని అర్థం. ట్రైపాడ్ వదిలేసైనా గట్టెక్కు.

డ్రోన్ ఎగరేయాలంటే 2021 నిబంధనలు చదువు. 250 గ్రాములు దాటితే మామూలుగా రిజిస్ట్రేషన్ కావాలి, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనైనా 120 మీటర్లు దాటకూడదు. నల్లమల, అమ్రాబాద్ లాంటి అభయారణ్యాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా సంచిలోంచి కూడా తీయకు. పెంటలకు, అంటే చెంచుల గూడేలకు, పోతే ముందు కూర్చుని మాట్లాడు, ఫొటో తర్వాత అడుగు. వద్దంటే వద్దు.

డబ్బు గురించి దాచకుండా చెబుతాను. మొదటి కొన్నేళ్లు పెళ్లిళ్లే అన్నం పెడతాయి. అందులో చిన్నతనం ఏమీ లేదు. వేగంగా, చీకట్లో, మనుషుల మధ్య పని చేయడం నాకు అక్కడే అలవడింది. రిసార్టులు, ట్రెక్కింగ్ సంస్థలు, బట్టలూ బూట్లూ అమ్మే కంపెనీలు తర్వాత వస్తాయి. "పేరు వేస్తాం, డబ్బులివ్వలేం" అనేవాళ్లకు మర్యాదగా కుదరదని చెప్పు.

కాగితం లేకుండా ఏ పనీ ఒప్పుకోకు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నీ అంతట నువ్వు తీసిన ఫొటోకు యజమానివి నువ్వే, నీ జీవితకాలమంతా, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. కానీ ఒకరు డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ ఫొటో హక్కు వాళ్లదే. నువ్వు నెలల తరబడి కష్టపడి తీసినది ఇంకెక్కడ వాడినా నోరెత్తలేవు. అందుకే ఎక్కడ వాడతారు, ఎన్నేళ్లు వాడతారు, హక్కు ఎవరిది అనేది ముందే రాయించు. బీమా తీసుకునేటప్పుడు మినహాయింపుల పేజీ మొత్తం చదువు. పర్వతారోహణ, తాడు పనులు చాలా పాలసీల్లో ఉండవు. విడిగా అడిగి చేర్పించుకోవాలి.

నేను వాడే ఒప్పంద పత్రం నమూనా దీంతో పంపుతున్నాను. వినియోగ హక్కుల పేరా, పని రద్దయితే ఇవ్వాల్సిన డబ్బు పేరా రెండుసార్లు చదువు. అర్థం కానిచోట పెన్సిల్‌తో గీత పెట్టి పంపించు, ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ బాబాయి